ఫర్నేస్ వేడి ఇవ్వట్లేదా? అది ఏ మెట్టు దగ్గర ఆగిందో ముందు చూడండి

అమెరికాలో మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దీపావళి సందడి తగ్గగానే ఒక మెసేజ్ తప్పకుండా వస్తుంది: "మా ఫర్నేస్ పని చేయట్లేదు, మంచి టెక్నీషియన్ ఎవరైనా తెలుసా?" దాని కింద సలహాలు వరసగా పడతాయి. థర్మోస్టాట్ బ్యాటరీలు మార్చమని ఒకరు, బ్రేకర్ ఆపి మళ్లీ వెయ్యమని ఒకరు, సెన్సర్ తోమమని ఒకరు, మాకూ ఇలాగే అయితే బోర్డు పోయిందన్నారని ఇంకొకరు. ఎవరి ఇంట్లో జరిగింది వాళ్లకు నిజమే. కానీ "వేడి రావట్లేదు" అన్న ఒక్క మాట కింద పది వేర్వేరు సమస్యలుంటాయి. మీది ఏదో తేల్చుకోకుండా ఏ సలహా పాటించినా చీకట్లో రాయి విసిరినట్టే.

ఇక్కడ మాట్లాడుకునేది గ్యాస్ ఫర్నేస్ గురించి. గ్యాస్ మండించి, ఆ వేడితో గాలిని వెచ్చబెట్టి, డక్టుల గుండా గదుల్లోకి తోసే పెట్టె అది. న్యూజెర్సీ, మిషిగన్, ఇల్లినాయ్ ఇళ్లలో సాధారణంగా బేస్‌మెంట్‌లో ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఆటిక్‌లో ఉంటుంది. అట్లాంటా, షార్లట్ వైపు చాలామందికి ఉండేది హీట్ పంప్, అంటే బయటి వేడిని ఇంట్లోకి తోడే ఏసీ లాంటి యంత్రం. దాని కథ వేరు, చివర్లో చెబుతాను. మీది ఏదో తెలియకపోతే ఒక గుర్తు ఉంది. చలికాలంలో ఇల్లు వెచ్చబడుతున్నప్పుడు బయట ఉన్న ఏసీ యూనిట్ కూడా తిరుగుతుంటే అది హీట్ పంప్.

ఏదీ ఊరికే నమ్మని యంత్రం

మధ్యతరహా ఇంటి ఫర్నేస్ మీద 80,000 బీటీయూ అని రాసి ఉంటుంది. గంటకు అంత వేడి అంటే దాదాపు 23 కిలోవాట్లు. మన ఊళ్లో బాత్‌రూమ్ గోడకు ఉండే 2 కిలోవాట్ల గీజర్లు డజను ఒకేసారి వేసినంత. ఆ మంట మీరు నిద్రపోతున్నప్పుడు, చూసేవాళ్లెవరూ లేకుండా, దానంతట అదే వెలగాలి, ఆరాలి. వెలగకుండా గ్యాస్ మాత్రమే వదిలితే పేలుతుంది. వెలిగినా పొగ బయటికి పోకపోతే ఇంట్లోకి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. అంతా బాగుండి గాలి మాత్రం ఆడకపోతే లోపలి లోహం కాలి కాలి పగులుతుంది.

అందుకే ఈ యంత్రాన్ని తయారుచేసినవాళ్లు దానికి అనుమానం నేర్పారు. ప్రతి మెట్టు దగ్గరా రుజువు అడుగుతుంది. రుజువు దొరక్కపోతే పై మెట్టు ఎక్కదు. మనకు "పాడైపోయింది" అనిపించే ఫర్నేస్ చాలాసార్లు మండలేక ఆగింది కాదు, మండటానికి ఒప్పుకోక ఆగింది.

వరస ఇలా ఉంటుంది. గది చల్లబడగానే థర్మోస్టాట్ తన వెనక ఉన్న ఆర్, డబ్ల్యూ అనే రెండు తీగల్ని కలుపుతుంది. ఆ 24 వోల్టుల కబురు ఫర్నేస్‌లోని కంట్రోల్ బోర్డుకు చేరుతుంది. బోర్డు వెంటనే గ్యాస్ వదలదు. ముందు ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాన్‌ను తిప్పుతుంది. లోపల పాత గ్యాస్, పొగ ఏమైనా మిగిలి ఉంటే అది గొట్టం గుండా బయటికి లాగేస్తుంది. ఆ లాగుడు చాలినంత ఉందని ప్రెషర్ స్విచ్ మూసుకుని చెప్పాలి. ఫ్యాన్ తిరగకముందే ఆ స్విచ్ మూసుకుని ఉన్నా బోర్డు ఒప్పుకోదు, స్విచ్ ఇరుక్కుపోయిందని ఆగిపోతుంది. ఈ పరీక్ష అయ్యాక ఇగ్నైటర్ కాలి ఎర్రగా మెరుస్తుంది. అప్పుడు గ్యాస్ వాల్వ్ "టక్" మని తెరుచుకుంటుంది. మొదటి బర్నర్ అంటుకుని, మంట పక్క బర్నర్లకు పాకుతుంది. కొన్ని సెకన్లలో ఫ్లేమ్ సెన్సర్ "మంట ఉంది" అని చెప్పాలి, లేకపోతే గ్యాస్ ఆగిపోతుంది. లోపల లోహం కాస్త వేడెక్కాక, సుమారు అర నిమిషానికి, పెద్ద బ్లోయర్ మొదలై గదుల్లోకి గాలి వస్తుంది. ఎక్కడో నిత్యం వెలిగే పైలట్ మంట ఉంటుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 1992లో ఫర్నేస్‌ల సామర్థ్యానికి కనీస ప్రమాణం అమల్లోకి వచ్చాక అలాంటివి కొత్త ఇళ్లలో దాదాపు లేవు.

ఈ వరసను ఒక్కసారి దగ్గరుండి వింటే సగం పని అయిపోయినట్టే. థర్మోస్టాట్‌ను గది వేడి కంటే ఐదు డిగ్రీలు పైకి పెట్టి, ఫర్నేస్ దగ్గరకెళ్లి నిలబడండి. పనిముట్లేవీ అక్కర్లేదు, చెవులు చాలు.

అసలు చప్పుడే లేకపోతే కబురు చేరలేదని అర్థం: థర్మోస్టాట్, కరెంటు, తలుపు, ఈ మూడింట్లో ఏదో ఒకటి. ఇండ్యూసర్ తిరుగుతూనే ఉండి ఇంకేమీ జరక్కపోతే ప్రెషర్ స్విచ్ దగ్గర ఆగింది. లోపల ఎర్రటి వెలుగు రాకపోతే చాలావరకు ఇగ్నైటర్. ఎర్రగా కాలినా మంట రాకపోతే గ్యాస్ వైపు చూడాలి. మంట వచ్చి, మూడు నాలుగు సెకన్లలో ఆరి, మళ్లీ వెలిగి మళ్లీ ఆరుతుంటే ఫ్లేమ్ సెన్సర్. పది నిమిషాలు చక్కగా మండి, ఆరిపోయి, ఆ తర్వాత చల్లగాలి వస్తూ ఉంటే లిమిట్ స్విచ్, అంటే లోపల మితిమీరి వేడెక్కితే మంట ఆపేసే స్విచ్.

ముందు తేలిగ్గా తేలేవి

ఇవి చూడటానికి పది నిమిషాలు పట్టదు. టెక్నీషియన్ వచ్చి ఇవే చూసి, వచ్చినందుకు వంద డాలర్లు తీసుకుని వెళ్తే మాత్రం చాలా రోజులు గుర్తుంటుంది.

థర్మోస్టాట్ "హీట్"లో ఉందా, ఫ్యాన్ "ఆటో"లో ఉందా చూడండి. ఫ్యాన్ "ఆన్"లో ఉంటే మంట లేనప్పుడు కూడా బ్లోయర్ తిరుగుతూ ఉంటుంది. అప్పుడు వచ్చేది చల్లగాలి, అందులో తప్పేం లేదు. ఫర్నేస్ చల్లగాలి ఊదుతోందన్న ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి. స్మార్ట్ థర్మోస్టాట్ సొంతంగా బిగించుకున్నవాళ్లు గోడ వెనక సీ అనే తీగ కలిపారో లేదో గుర్తు చేసుకోవాలి. ఆ తీగ లేకపోతే థర్మోస్టాట్ తన బ్యాటరీకి కావలసిన కరెంటును మిగతా తీగల నుంచే కొంచెం కొంచెం లాక్కుంటుంది. కొన్ని ఇళ్లలో అది చాలదు, తెర నల్లబడిపోతుంది.

ఫర్నేస్ పక్క గోడ మీద, లేదా బేస్‌మెంట్ మెట్ల దగ్గర, అచ్చం లైటు స్విచ్‌లా ఒక స్విచ్ ఉంటుంది. అది ఫర్నేస్‌ది. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి, అలవాటు ప్రకారం అనవసరంగా వేసి ఉన్న స్విచ్‌లన్నీ ఆపేసే ఇళ్లలో దీన్ని మొదట చూడటం మంచిది. ఫిల్టర్ మార్చిన రోజే ఫర్నేస్ ఆగిపోతే తలుపు సరిగ్గా కూర్చోలేదు. తలుపు వెనక ఒక చిన్న మీట నొక్కుకుంటేనే కరెంటు వెళ్తుంది. బ్రేకర్ చూడండి. ఆటిక్‌లో ఉన్నవాళ్లు కింద ఉన్న రేకు పళ్లెంలో నీళ్లు నిలిచాయేమో చూడండి. నీళ్లు నిండితే తేలే స్విచ్ ఒకటి మొత్తం ఆపేస్తుంది.

బోర్డు మీద కార్లలో వాడే రకం చిన్న ఫ్యూజ్ ఒకటి ఉంటుంది, 3 లేదా 5 ఆంపియర్లది. అది పోతే అంతే ఆంపియర్లది వెయ్యాలి. కొత్తదీ వెంటనే పోతే ఎక్కడో థర్మోస్టాట్ తీగ ఒరుసుకుపోయి షార్ట్ అవుతోంది. "ఈసారి పెద్దది వేద్దాం" అనుకుంటే బోర్డే కాలుతుంది.

గ్యాస్ వస్తోందా అన్నది వంటింట్లో తెలుస్తుంది. గ్యాస్ స్టవ్ కూడా వెలగకపోతే సమస్య ఫర్నేస్‌లో లేదు. స్టవ్ బాగానే ఉంటే ఫర్నేస్ దగ్గరి గ్యాస్ గొట్టం మీద మీట చూడండి. గొట్టానికి సమాంతరంగా ఉంటే తెరిచి ఉన్నట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు.

బోర్డు మెరుపులు, వాటిని నమ్మాల్సిన తీరు

ఫర్నేస్ కింది తలుపుకు చిన్న గాజు కన్ను ఉంటుంది. దాని వెనక బోర్డు మీద ఒక లైటు మెరుస్తుంటుంది. ఆ మెరుపుల లెక్కే ఎర్రర్ కోడ్. లెక్కకు అర్థం తలుపు లోపలి వైపు అంటించిన కాగితం మీద ఉంటుంది. కంపెనీకో లెక్క కాబట్టి యూట్యూబ్‌లో వేరే కంపెనీ వీడియో చూసి నిర్ణయానికి రాకూడదు. క్యారియర్, బ్రయంట్‌లవి రెండంకెల కోడ్‌లు: 31 అంటే ప్రెషర్ స్విచ్, 33 అంటే లిమిట్, 34 అంటే మంట నిలబడలేదని. ఒక్క జాగ్రత్త: కోడ్ చదవకముందే బ్రేకర్ ఆపొద్దు. కరెంటు పోతే జరిగింది మరిచిపోయే బోర్డులు చాలా ఉన్నాయి. ఫోన్‌తో పది సెకన్ల వీడియో తీసుకుంటే చాలు.

"ఆపి వేస్తే పని చేసింది" అనే సలహా ఎందుకు అంత ప్రసిద్ధమో కూడా ఇక్కడే అర్థమవుతుంది. వరసగా కొన్ని ప్రయత్నాల్లో మంట నిలబడకపోతే బోర్డు తాళం వేసుకుని గంటో, అంతకన్నా ఎక్కువో కూర్చుంటుంది. బ్రేకర్ ఆపి వేస్తే ఆ తాళం ఊడి మళ్లీ మొదటి నుంచి ప్రయత్నిస్తుంది. ఓసారి అదృష్టం బాగుండి మంట నిలుస్తుంది. మనం బాగైందనుకుంటాం. రెండు రోజులకు తెల్లవారుజామున మూడింటికి మళ్లీ అదే కథ. కారణం అలాగే ఉంది, కోడ్ మాత్రం చెరిగిపోయింది.

ఇంకో మాట, దీన్ని పట్టుకుంటే డబ్బు మిగులుతుంది. కోడ్ చెప్పేది ఎవరు ఫిర్యాదు చేశారన్నది. తప్పెవరిదో అది చెప్పదు. ప్రెషర్ స్విచ్ కోడ్ వచ్చిందని ప్రెషర్ స్విచ్ మార్చడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే. చాలాసార్లు పాత స్విచ్ సరిగ్గానే పని చేసింది కాబట్టే ఫర్నేస్ ఆగింది. కొత్త స్విచ్ కూడా అదే మాట చెబుతుంది.

గాలి ఆడకపోతే

లిమిట్ స్విచ్ కోడ్ వెనక ఎక్కువసార్లు ఉండేది ఫిల్టర్. వెచ్చబడాల్సిన గాలి చాలినంత రాకపోతే లోపలి హీట్ ఎక్స్ఛేంజర్, అంటే మంట వేడిని గాలికి అందించే లోహపు భాగం, మితిమీరి కాలుతుంది. లిమిట్ స్విచ్ తెరుచుకుని మంట ఆపేస్తుంది. లోహం చల్లబడేదాకా బ్లోయర్ తిరుగుతూ ఉంటుంది. చల్లబడ్డాక మళ్లీ మంట, మళ్లీ ఆగడం. ఇల్లు 64 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర ఊగిసలాడుతుంది. ఫర్నేస్ రోజంతా తిరుగుతున్నట్టే వినిపిస్తుంది, వేడి మాత్రం ఉండదు.

ఫిల్టర్ అట్ట మీద "90 రోజులు" అని ఉంటుంది. ఆ లెక్క రోజూ రెండు పోపులు, నూనె పొగ, పొద్దున అగరుబత్తి, శుక్రవారం సాంబ్రాణి ఉండే ఇంటిని చూసి వేసింది కాదు. నూనె తగిలిన దుమ్ము వడపోత గుడ్డకు జిగటగా పట్టేస్తుంది. తీసి లైటుకు అడ్డం పెట్టి చూడండి. వెలుతురు రాకపోతే గాలీ రాదు. చలికాలంలో నెలకోసారి చూడటం మన ఇళ్లకు ఎక్కువేం కాదు.

శ్రద్ధ ఎక్కువైన చోట కూడా ఇదే ఇబ్బంది వస్తుంది. పిల్లలకు ఎలర్జీ అని మెర్వ్ 13 ఫిల్టర్ తెస్తారు. ఒక అంగుళం మందం స్లాట్‌లో అంత దట్టమైన ఫిల్టర్ పెడితే కొన్ని ఫర్నేస్‌లకు ఊపిరి ఆడదు. నాలుగైదు అంగుళాల మందం ఫిల్టర్ పట్టే పెట్టె ఉన్న ఇళ్లలో అదే మెర్వ్ 13 హాయిగా పని చేస్తుంది, ఎందుకంటే గాలి దూరడానికి విశాలమైన మడతలుంటాయి. ఇంకొకటి, వాడని గదుల్లో గాలి వచ్చే రంధ్రాలు మూస్తే గ్యాస్ ఆదా అవుతుందనే నమ్మకం. ఆదా కాదు. ఫర్నేస్ మండేది అంతే, పోవలసిన గాలికి దారి తగ్గుతుంది, లిమిట్ తెగుతుంది. గాలిని వెనక్కి లాక్కునే పెద్ద జాలీకి అడ్డంగా సోఫా ఉన్నా ఇదే ఫలితం.

తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఫిల్టర్ తీసేసి ఒక గంట నడిపించండి. అప్పుడు ఆగకుండా మండితే ఫిల్టరే దోషి, కొత్తది పెట్టండి. ఫిల్టర్ లేకుండా రోజుల తరబడి నడపకూడదు, దుమ్మంతా లోపలి ఏసీ కాయిల్‌కు పడుతుంది. ఫిల్టర్ తీసినా ఆగిపోతుంటే బ్లోయర్ మోటారు, దాని కెపాసిటర్, కాయిల్, డక్టులు చూడాలి. అది మన పని కాదు.

కాస్త ఆసక్తి ఉన్నవాళ్లకు ఇంకో కొలత. ఫర్నేస్ లోపలి పలక మీద "టెంపరేచర్ రైజ్" అని, 35 నుంచి 65 ఫారన్‌హీట్ డిగ్రీల లాంటి హద్దు రాసి ఉంటుంది. వంటింటి థర్మామీటర్‌తో వెనక్కి వెళ్లే గాలినీ, ఫర్నేస్‌కు దగ్గరగా బయటికి వచ్చే గాలినీ కొలవండి. 65తో వెళ్లి 140తో వస్తే తేడా 75. హద్దు దాటింది, అంటే గాలి తక్కువగా ఆడుతోంది. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే టెక్నీషియన్‌తో మాట తీరే మారుతుంది.

బర్నర్ల దగ్గర రోలవుట్ స్విచ్ అని ఇంకొకటి ఉంటుంది. మంట లోపలికి వెళ్లాల్సింది బయటికి నాలుక చాచితే అది తెగుతుంది. దానికి చేత్తో నొక్కే బటన్ ఉంటుంది. నొక్కితే ఫర్నేస్ మళ్లీ నడుస్తుంది కూడా. నొక్కకండి. మంట ఎందుకు బయటికి వచ్చిందో తెలియకుండా దాన్ని మళ్లీ వెలిగించడం ప్రమాదం.

నీళ్లు, మంచు, పురుగులు

మీ ఫర్నేస్ నుంచి పక్క గోడలోకి తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు వెళ్తుంటే అది 90 శాతానికి పైగా సామర్థ్యం ఉన్న రకం. ఇనప గొట్టం పైకప్పు గుండా పోతుంటే చాలావరకు 80 శాతం రకం. మొదటిది పొగలోని ఆవిరిని కూడా చల్లబరిచి ఆ వేడిని పిండుకుంటుంది. అందుకే దాని పొగ ప్లాస్టిక్ గొట్టం తట్టుకునేంత చల్లగా ఉంటుంది, అందుకే దాని లోపల నీళ్లు తయారవుతాయి. ఆ నీళ్లు పోయే దారి మూసుకుపోతే ఇండ్యూసర్ ఎంత తిప్పినా లాగుడు చాలదు. ప్రెషర్ స్విచ్ మూసుకోదు.

ఎండాకాలమంతా ఖాళీగా ఉన్న, ఆ నీళ్లు పోయే సన్న గొట్టంలో, దాని కింద నీళ్లు నిలిచే వంపులో (ట్రాప్) పాచి, మట్టి పేరుకుంటాయి. మొదటి చలికి నీళ్లు ఎదురు తన్నుతాయి. ఇండ్యూసర్ దగ్గర గుడగుడ శబ్దం వస్తే ఇదే. నీళ్లు పైకి తోడే చిన్న పంపు ఉన్న బేస్‌మెంట్‌లలో ఇంకా సాదా కారణం కూడా ఉంటుంది: ఎవరో వాక్యూమ్ క్లీనర్ కోసం ఆ పంపు ప్లగ్ పీకి మళ్లీ పెట్టలేదు.

తర్వాత ఇంటి బయటికి వెళ్లి ఆ తెల్ల గొట్టాల చివరలు చూడండి. మంచు తుఫాను తర్వాత అవి కప్పబడిపోతాయి. చేత్తో, చీపురుతో మంచు తీసేస్తే చాలు, చాలాసార్లు ఫర్నేస్ కాసేపటికి తనే లేస్తుంది. అక్టోబర్‌లో అయితే కందిరీగల గూడు, ఎండుటాకులు ఉంటాయి. మంచుకు పార వాడేటప్పుడు గొట్టం విరగకుండా చూడండి. విరిగితే పొగ గోడలోపలే ఉండిపోతుంది.

మంట ఉందని బోర్డుకు ఎలా తెలుస్తుంది?

ఫ్లేమ్ సెన్సర్ చూడటానికి ఏమీ ఉండదు, మంటలో నిలబడే ఒక సన్నని లోహపు కడ్డీ. అది వేడిని కొలవదు. మంటలో విద్యుదావేశం ఉన్న కణాలు ఉంటాయి కాబట్టి మంట గుండా కొంచెం కరెంటు ప్రవహిస్తుంది. బోర్డు ఆ కడ్డీకి ఏసీ కరెంటు, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటు, ఇస్తుంది. కడ్డీ చిన్నది, అవతల నేలకు కలిసిన బర్నర్ పెద్దది. ఆ తేడా వల్ల కరెంటు ఒకవైపే ఎక్కువగా పోతుంది, అంటే మంట దాన్ని డీసీలా, ఒకే దిశలో పోయే కరెంటులా, మారుస్తుంది. బోర్డు వెతికేది ఆ డీసీ కోసమే, కొన్ని మైక్రోఆంపియర్లు మాత్రమే. ఉత్త షార్ట్ సర్క్యూట్ అయితే ఏసీ ఏసీగానే ఉంటుంది కాబట్టి బోర్డు మోసపోదు. ఈ మొత్తం యంత్రంలో నాకు బాగా నచ్చే తెలివి ఇదే.

కడ్డీ మీద కాలక్రమంలో సన్నని పొర పేరుకుంటుంది. కంటికి దాదాపు కనిపించదు, కానీ మైక్రోఆంపియర్లను ఆపడానికి అది చాలు. మంట నిక్షేపంగా ఉన్నా బోర్డుకు లేనట్టే. శుభ్రం చేయడం ఇంట్లో చేసుకోగలిగిన పనే: కరెంటు ఆపి, గ్యాస్ మీట మూసి, ఒక్క స్క్రూ విప్పి, కడ్డీ బయటికి తీసి, సన్నటి స్టీలు పీచుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి తిరిగి పెట్టడం. గరుకు కాగితంతో గీకితే గీతలు పడి పొర ఇంకా త్వరగా పట్టుకుంటుంది. పింగాణీ భాగం పగిలి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, కొత్తది కొనాలి. పక్కనే ఇగ్నైటర్ ఉంటుంది, దాని జోలికి పోవద్దు. అది పెళుసు, చేతి జిడ్డు తగిలినా దాని ఆయుష్షు తగ్గుతుంది.

తోమిన నెలకే మళ్లీ అదే వస్తే కడ్డీని నిందించడం మానేయాలి. బర్నర్‌కు ఎర్తింగ్ సరిగ్గా ఉందా, బర్నర్ తుప్పు పట్టిందా, ప్లగ్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయా చూడమని అడగండి. మంట కరెంటు నేల గుండా తిరిగి రావాలి కదా. కరెంటు పోయినప్పుడు జెనరేటర్‌తో నడిపితే కొన్ని ఫర్నేస్‌లు వెలిగి వెంటనే ఆరిపోవడానికి కారణం కూడా ఇదే. చిన్న జెనరేటర్లలో చాలావాటిలో న్యూట్రల్‌ను ఎర్తింగ్‌తో కలపరు.

చెయ్యి పెట్టకూడని చోట్లు

గ్యాస్ వాల్వ్, గ్యాస్ గొట్టం, బర్నర్ల సర్దుబాటు, హీట్ ఎక్స్ఛేంజర్ మనవి కావు. ఏ సేఫ్టీ స్విచ్‌నైనా తీగ ముక్కతో కలిపి దాటవేయడం అస్సలు చేయకూడదు. టెక్నీషియన్ పరీక్ష కోసం ఒక నిమిషం అలా చేసి తీసేస్తాడు. వీడియో చూసి చేసినవాళ్లు వేడి వచ్చిందన్న సంతోషంలో అలాగే వదిలేస్తారు.

గ్యాస్ వాసన వస్తే వెతకడం, లైటు వెయ్యడం, ఫోన్ చెయ్యడం అన్నీ ఆపి పిల్లలతో బయటికి నడవండి. గ్యాస్ కంపెనీకి ఫోన్ బయటినుంచే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అలారం మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి బయటికెళ్తే తగ్గుతున్నా, బయటికి వచ్చి 911కి ఫోన్ చేయాలి. పడక గదుల దగ్గర ఆ అలారం లేకపోతే ఫర్నేస్ బాగు చేయించే లోపే కొనండి. సీజన్‌లో మొదటిసారి వేసినప్పుడు వచ్చే మాడు వాసన మాత్రం ఎండాకాలం దుమ్ము కాలడం. కాసేపటికి పోతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

"హీట్ ఎక్స్ఛేంజర్ పగిలింది, ఫర్నేస్ మొత్తం మార్చాలి" అన్న మాట నిజమైతే చాలా తీవ్రమైనది. అబద్ధమైతే చాలా ఖరీదైనది. పగులు ఫోటో అడగండి, ఇంకో కంపెనీతో చూపించండి. ఈలోపు వాడకండి. చాలా కంపెనీలు ఈ భాగానికి మిగతావాటికంటే ఎక్కువ ఏళ్ల వారంటీ ఇస్తాయి కాబట్టి సీరియల్ నంబర్‌తో కనుక్కోండి.

ఏ తప్పూ లేని రోజులు కూడా ఉంటాయి. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 23 ఫారన్‌హీట్‌కు పడింది. అలాంటి రోజున ఫర్నేస్ ఆగకుండా నడుస్తూ ఇల్లు 66 దాటకపోతే అది రోగం కాదు. ఆ ఊరి మామూలు చలికి లెక్కవేసి పెట్టిన యంత్రం తన హద్దు దగ్గర ఉంది, అంతే.

వేడి లేని రాత్రి

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకు లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, మాది గ్యాస్ కదా అనుకున్నవాళ్లు కూడా చలిలోనే ఉన్నారు. బోర్డుకూ, ఇండ్యూసర్‌కూ, బ్లోయర్‌కూ కరెంటు కావాలి మరి. ఆ రోజుల్లో గరాజ్‌లో కారు నడిపి, ఇంట్లో బొగ్గుల గ్రిల్ పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్ బారిన పడినవాళ్లున్నారు. మన ఊళ్లో కుంపటి పెట్టుకున్నవాళ్లకు ఇది వింతగా అనిపించొచ్చు. అక్కడి పెంకుల కింద, తలుపు సందుల్లో గాలి ఆడేది. ఇక్కడి ఇల్లు గాలి దూరకుండా కట్టింది. కుంపటి, గ్రిల్, వంట స్టవ్, ఏదీ ఇంట్లో వేడి కోసం వెలిగించొద్దు.

కరెంటు ఉంటే స్పేస్ హీటర్ నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ తీగకు కాదు. అందరూ ఒకే గదిలో పడుకుంటే దాని వేడి చాలుతుంది. ఇల్లు బాగా చల్లబడుతుంటే కుళాయిలు సన్నగా కారనివ్వండి, సింక్ కింది అర తలుపులు తెరిచి పెట్టండి. నీళ్ల మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చీకటి పడకముందే చూసుకోండి. పైపు పగిలితే ఫర్నేస్ రిపేరు ఖర్చు చాలా చిన్నదైపోతుంది.

అద్దెకు ఉండేవాళ్లు ఇవేవీ విప్పాల్సిన పని లేదు. థర్మోస్టాట్, బ్రేకర్ చూసి, అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేసినా సరే, రాతపూర్వకంగా కూడా పంపండి, గది ఉష్ణోగ్రత ఫోటోతో సహా. న్యూయార్క్ నగరంలోనైతే అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, పగలు బయట 55 కంటే తక్కువుంటే ఇంట్లో కనీసం 68, రాత్రి బయట ఎంత ఉన్నా కనీసం 62 ఫారన్‌హీట్ ఉండేలా చూడటం యజమాని చట్టబద్ధ బాధ్యత. అలా చూడకపోతే 311కి ఫిర్యాదు చేయొచ్చు.

ఇక హీట్ పంప్. గ్యాస్ ఫర్నేస్‌కు అలవాటుపడి హీట్ పంప్ ఇంట్లోకి మారినవాళ్లు మొదటి చలికాలంలో "గాలి చల్లగా వస్తోంది" అంటారు. దాని గాలి 90, 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చెయ్యి పెడితే పెద్ద వేడి అనిపించదు, కానీ ఎక్కువసేపు నడిచి ఇంటిని అదే వేడికి తెస్తుంది. మధ్యమధ్యలో బయటి యూనిట్ మీద పేరుకున్న మంచును కరిగించుకోవడానికి కాసేపు ఏసీలా తిరగబడుతుంది. ఆవిరి లేస్తుంది, దాన్ని పొగ అనుకుని కంగారుపడతారు. ఈ రెండూ మామూలే. కొత్త థర్మోస్టాట్ పెట్టిన రోజు నుంచి వేడి అడిగితే చలి వస్తుంటే సెట్టింగ్‌లో వేడికీ చల్లదనానికీ మధ్య మార్చే ఓ/బీ అనే ఎంపిక తారుమారైంది, మార్చి చూడండి. బయటి యూనిట్ గంటల తరబడి మంచు దిమ్మలా ఉండిపోతే మాత్రం థర్మోస్టాట్‌లో "ఎమర్జెన్సీ హీట్" పెట్టి టెక్నీషియన్‌ను పిలవండి. అది మామూలు కరెంటు హీటర్ కాబట్టి అలా నడిచినన్ని రోజులూ బిల్లు రెండు మూడు రెట్లు పరిగెత్తుతుంది, రిపేరు వాయిదా వేయకండి.